చింతపండు ఇత్తడిని కరిగిస్తుందా? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పదో తరగతిలోని ఒకే పాఠం గురించి వచ్చాయి. ఆమ్లాలు లోహాలతో, క్షారాలతో, కార్బొనేట్లతో ఎలా చర్య జరుపుతాయన్నది ఆ పాఠంలోని ముఖ్యమైన భాగం. విద్యార్థులే కాక తల్లిదండ్రులు, గృహిణులు, ఉపాధ్యాయులు కూడా రాశారు. వాటిలో ఏడు ఉత్తరాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: సజల ఆమ్లం లోహంతో చర్య జరిపితే హైడ్రోజన్ వాయువు వస్తుందని చదువుకున్నాము. కాని మా బడిలో రాగి తీగను సజల హైడ్రోక్లోరికామ్లంలో వేస్తే ఒక్క బుడగ కూడా రాలేదు. ఇంట్లో మా నాయనమ్మ ఇత్తడి బిందెను చింతపండుతో తోమితే మాత్రం నిమిషంలో మెరిసిపోతుంది. ఇత్తడిలో ఎక్కువగా ఉన్నది రాగే కదా. ప్రయోగశాలలోని ఆమ్లానికి లొంగని రాగి చింతపండుకు ఎలా లొంగింది?
– పదో తరగతి విద్యార్థిని, కర్నూలు జిల్లా

సమాధానం: అమ్మా, నీ ప్రశ్నలో ఒక్క మాట సరిచేసుకుంటే సగం జవాబు దొరికినట్టే. చింతపండుకు లొంగినది రాగి కాదు, రాగి మీద పేరుకున్న చిలుము. ఈ రెండింటికీ ఉన్న తేడా తెలిస్తే ఈ పాఠమంతా తేలికవుతుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

రాగి, ఇత్తడి పాత్రలను గాలిలో వదిలేస్తే పైపొర ఆక్సిజన్‌తో కలిసి ముదురు రంగు ఆక్సైడ్‌గా మారుతుంది. తేమ, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కూడా తోడైతే, కాలం గడిచేకొద్దీ ఆకుపచ్చని చిలుము పడుతుంది. అందులో కాపర్ కార్బొనేట్, కాపర్ హైడ్రాక్సైడ్ కలిసి ఉంటాయి. చింతపండు పులుపుకు ప్రధాన కారణం టార్టారిక్ ఆమ్లం. ఆ ఆమ్లం తగలగానే ఆక్సైడ్, హైడ్రాక్సైడ్ రెండూ లవణంగా, నీరుగా మారతాయి. లోహ ఆక్సైడ్లకు క్షార స్వభావం ఉంటుందని మీ పుస్తకం చెప్పేది దీని గురించే. కార్బొనేట్ భాగం లవణంతో, నీటితో పాటు కార్బన్ డయాక్సైడ్‌ను కూడా ఇస్తుంది, కాని పొర చాలా పలుచనిది కాబట్టి ఆ కొద్దిపాటి వాయువు తోమేటప్పుడు కంటికి ఆనదు. అంటే మీ పాఠంలోని మూడు చర్యలలో రెండు, క్షారంతో జరిగేదీ కార్బొనేట్‌తో జరిగేదీ, మీ నాయనమ్మ చేతి కింద ఒకే బిందె మీద జరిగిపోతున్నాయి. జరగనిది మూడోది, లోహంతో జరగవలసిన చర్య. అది జరగకపోవడం మన అదృష్టం, లేకపోతే బిందె తోమిన ప్రతిసారీ కొంత అరిగిపోయేది.

మూడోది ఎందుకు జరగదు? ఆమ్లంలో పనిచేసేది హైడ్రోజన్ అయాను. దానికి ఒక ఎలక్ట్రాన్ తక్కువ. అది వాయువుగా బయటికి రావాలంటే లోహం నుంచి ఎలక్ట్రాన్ తీసుకోవాలి. మెగ్నీషియం, జింకు, ఇనుము తమ ఎలక్ట్రాన్లను ఇచ్చేస్తాయి కాబట్టి బుడగలు వస్తాయి. రాగి ఇవ్వదు, హైడ్రోజన్ అయానుకు రాగి నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కునే శక్తి లేదు. చర్యలో ఎక్కువ చురుకైనవి పైన, తక్కువ చురుకైనవి కింద వచ్చేలా లోహాలను రాసే చర్యాశీలత శ్రేణిలో రాగిని హైడ్రోజన్ కింద రాసేది అందుకే. ఆక్సైడ్‌లో సంగతి వేరు. అక్కడ రాగి తన ఎలక్ట్రాన్లను ముందే ఆక్సిజన్‌కు ఇచ్చేసింది. హైడ్రోజన్ అయాను ఇక ఎవరి దగ్గరా ఏమీ లాక్కోనక్కరలేదు, ఆక్సిజన్‌తో కలిసి నీరైపోతే చాలు, రాగి అయాను విడిపడి ద్రావణంలోకి వచ్చేస్తుంది.

దీన్ని మీ ఉపాధ్యాయుల సమక్షంలో చూడవచ్చు. రాగి తీగను మంటలో నల్లబడేదాకా కాల్చి, చల్లారనిచ్చి, కొద్దిగా వేడిచేసిన సజల సల్ఫ్యూరికామ్లంలో ముంచండి. నలుపు పోతుంది, ద్రావణానికి లేత నీలం రంగు వస్తుంది, కింద ఎర్రని తీగ అలాగే మిగులుతుంది.

ఇత్తడిలో జింకు కూడా ఉంది కదా, అది ఎందుకు బుసబుస పొంగదని నువ్వు అడగవచ్చు. ఇత్తడిలో జింకు పరమాణువులు రాగి మధ్య కలిసిపోయి ఉంటాయి కాబట్టి విడి జింకు ముక్కలాగా వేగంగా చర్య జరపవు. అయినా పులుపులో చాలాసేపు నానబెట్టిన ఇత్తడికి ఎర్రటి ఛాయ రావడం మీ నాయనమ్మ చూసే ఉంటారు. పైనున్న జింకు మెల్లగా కరిగిపోయి రాగి బయటపడడం వల్ల వచ్చే రంగు అది. తోమిన వెంటనే కడిగేయాలని పెద్దలు చెప్పడంలో ఈ అర్థం ఉంది.

ప్రశ్న: కళాయి లేని ఇత్తడి గిన్నెలో చారు, పెరుగు, మామిడికాయ పప్పు ఉంచవద్దని మా అత్తగారు అంటారు. పులుపు రాగిని ఏమీ చేయలేనప్పుడు ఈ భయం దేనికి? ఇది నమ్మకమా, శాస్త్రమా?
– ఒక గృహిణి, నిజామాబాద్

సమాధానం: మీ అత్తగారి మాట పూర్తిగా శాస్త్రమే. పై సమాధానంలో హైడ్రోజన్ అయాను ఒంటరిగా రాగిని కదిలించలేదని చెప్పాము. కాని గిన్నెలో ఉన్న చారు గాలికి తెరిచి ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తీసుకునే పని చేస్తుంది, ఆమ్లం అలా ఏర్పడిన ఆక్సైడ్‌ను కరిగించే పని చేస్తుంది. రెండూ కలిసినప్పుడు రాగి నెమ్మదిగా కరుగుతుంది. హైడ్రోజన్ బుడగలేవీ రావు కాబట్టి మనకు తెలియదు, రాత్రి పెట్టిన పులుసు తెల్లారేసరికి అంచు వెంట పచ్చగా కనిపించినప్పుడే తెలుస్తుంది. రాగి లవణాలు ఎక్కువైతే వికారం, వాంతులు వస్తాయి. తోమడానికి పట్టేది ఒకటి రెండు నిమిషాలు, నిల్వ ఉంచేది గంటల తరబడి. తేడా అంతా అక్కడే ఉంది.

కళాయి అంటే తగరపు పూత. తగరం శ్రేణిలో హైడ్రోజన్‌కు కాస్త పైన ఉన్నా, మన వంటల్లోని బలహీన ఆమ్లాలతో దాని చర్య అతి మందంగా సాగుతుంది. కళాయి వేసేవారు కాలిన గిన్నె మీద నవాసారం చల్లి, తగరం కరిగించి, దూదితో లోపలంతా రుద్దడం మీరు చిన్నప్పుడు చూసి ఉంటారు. నవాసారం అమ్మోనియం క్లోరైడ్. వేడికి అది అమ్మోనియాగా, హైడ్రోజన్ క్లోరైడ్‌గా విడిపోతుంది. ఆ హైడ్రోజన్ క్లోరైడ్ రాగి మీది ఆక్సైడ్‌ను తొలగించి, తగరం అంటుకోవడానికి శుభ్రమైన లోహాన్ని బయటపెడుతుంది. మళ్లీ అదే ఆమ్లం, అదే ఆక్సైడ్. బడి గడప తొక్కని కళాయి పనివారు ఈ చర్యను తరతరాలుగా అంత నేర్పుగా వాడుకున్నారన్న సంగతి పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు తప్పక చెప్పాలని నా కోరిక.

ప్రశ్న: మా అబ్బాయి ఆమ్లం–లోహం, ఆమ్లం–క్షారం, ఆమ్లం–కార్బొనేట్ అని మూడు సమీకరణాలు బట్టీ పడతాడు. ప్రతి పరీక్షలో ఒకదాని వాయువును మరొకదానికి రాస్తాడు. గుర్తుంచుకోవడానికి దారి ఉందా?
– ఒక తండ్రి, ఖమ్మం

సమాధానం: గుర్తుంచుకోవడం మానిపించి, ప్రతి చర్య దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోమని చెప్పండి: హైడ్రోజన్ అయాను చివరికి ఎక్కడికి చేరింది? లోహం ఎదురైతే దాని నుంచి ఎలక్ట్రాన్ తీసుకుంటుంది, అలాంటి రెండు పరమాణువులు జతకట్టి హైడ్రోజన్ వాయువవుతాయి. క్షారం ఎదురైతే హైడ్రాక్సైడ్ అయానుతో కలిసి నీరవుతుంది. కార్బొనేట్ ఎదురైతే దానితో కలిసి కార్బోనిక్ ఆమ్లమవుతుంది, ఆ ఆమ్లం నిలకడ లేనిది కాబట్టి వెంటనే నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. వంట సోడా వంటి హైడ్రోజన్ కార్బొనేట్లకూ ఇదే దారి. మిగిలిన లోహ అయాను, ఆమ్లంలోని రుణ అయాను కలిసినదే లవణం. ఇలా ఆలోచిస్తే లోహం దగ్గర కార్బన్ డయాక్సైడ్ రాయడం సాధ్యమే కాదు, ఎందుకంటే అక్కడ కార్బన్ ఎక్కడి నుంచీ రాలేదు.

ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చల్లార్చే తటస్థీకరణలో నిజంగా జరిగేది హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్ల కలయిక ఒక్కటేనని ఎలా నమ్మాలని పిల్లవాడు అడిగితే, దానికి చక్కని రుజువు ఉంది. హైడ్రోక్లోరికామ్లాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌తో కలిపినా, నత్రికామ్లాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్‌తో కలిపినా, సజల ద్రావణాలలో ఒక మోల్ నీరు, అంటే 18 గ్రాములు, ఏర్పడినప్పుడు వెలువడే వేడి దాదాపు ఒకటే, సుమారు 57 కిలోజౌళ్లు. ఆమ్లం మారింది, క్షారం మారింది, లవణం మారింది, వేడి మాత్రం మారలేదు.

లెక్కలంటే ఇష్టమున్న పిల్లవాడైతే ఇంకొకటి చూపించండి. ఇంచుమించు 6.5 గ్రాముల జింకు పూర్తిగా చర్య జరిపితే 0.2 గ్రాముల హైడ్రోజన్ వస్తుంది. 10 గ్రాముల శుద్ధమైన కాల్షియం కార్బొనేట్ నుంచి 4.4 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బరువుల్లో అంత తేడా ఉన్న ఆ రెండు వాయువులూ సున్నా డిగ్రీల సెల్సియస్ వద్ద, ఒక అట్మాస్ఫియర్ పీడనం వద్ద ఆక్రమించే చోటు ఒకటే, సుమారు 2.24 లీటర్లు. హైడ్రోజన్‌తో నింపిన సబ్బు బుడగ పైకి లేచి, కార్బన్ డయాక్సైడ్ బుడగ కిందికి దిగడానికి కారణం ఈ అంకెల్లోనే ఉంది.

ప్రశ్న: నేను చదువుకున్న రోజుల్లో ఆక్సిజన్‌ను ఆమ్లజని అనీ, హైడ్రోజన్‌ను ఉదజని అనీ, కార్బన్ డయాక్సైడ్‌ను బొగ్గుపులుసు గాలి అనీ రాసేవారు. ఆమ్లాలకు మూలం హైడ్రోజన్ అయితే, ఆమ్లజని అన్న పేరు ఆక్సిజన్‌కు ఎందుకు పెట్టారు?
– విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

సమాధానం: ఆ పేరులో ఒక పాత పొరపాటు దాగి ఉంది. గంధకాన్నీ, భాస్వరాన్నీ ఆక్సిజన్‌లో మండించి, వచ్చినదాన్ని నీటిలో కలిపితే ఆమ్లాలు ఏర్పడడం చూసి, ఫ్రెంచి శాస్త్రవేత్త లావోయిజర్ ఆమ్లాలన్నింటిలోనూ ఈ వాయువు తప్పక ఉంటుందని భావించాడు. ఆమ్లాన్ని పుట్టించేది అనే అర్థంలో గ్రీకు మాటల నుంచి దానికి ఆక్సిజన్ అని పేరు పెట్టాడు. మనవారు ఆ అర్థాన్నే ఆమ్లజనిగా తెలుగులోకి తెచ్చారు. కాని హైడ్రోక్లోరికామ్లంలో ఆక్సిజన్ లేదు. 1810లో ఇంగ్లండు శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ క్లోరిన్ ఒక మూలకమేనని, దానిలో ఆక్సిజన్ దాగి లేదని వాదించి నిలబెట్టినప్పుడు లావోయిజర్ సిద్ధాంతం కూలిపోయింది. 1838లో జర్మనీకి చెందిన లీబిగ్, లోహం తొలగించగల హైడ్రోజన్ ఉన్నదే ఆమ్లమని చెప్పాడు. జింకును సల్ఫ్యూరికామ్లంలో వేసినప్పుడు జరిగేది సరిగ్గా అదే. ఆ హైడ్రోజన్ నీటిలో అయానుగా విడిపడుతుందన్న భావన 1880ల నాటి స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్‌ది. ఆయనకు 1903లో నోబెల్ బహుమతి లభించింది.

నిజానికి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వాయువుల గుట్టు ఆమ్లాలతో చేసిన ప్రయోగాల్లోనే బయటపడింది. 1766లో ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ లోహాల మీద ఆమ్లాలు పోసి, వచ్చిన మండే గాలి ప్రత్యేకమైన పదార్థమని నిరూపించాడు. అంతకు పదేళ్ల ముందే స్కాట్లండులో జోసెఫ్ బ్లాక్, సున్నపురాయి వంటి వాటిలో బంధించబడి ఉన్న గాలిని ఆమ్లంతో విడిపించి, అది సున్నపు తేటను తెల్లబరుస్తుందని గుర్తించాడు.

ఇక బొగ్గుపులుసు అన్న మాట నాకు ఎంతో ఇష్టం. బొగ్గు మండితే వచ్చేది, నీటిలో కలిస్తే పుల్లనయ్యేది అని ఆ వాయువు గుణమంతా రెండు పదాలలో చెప్పారు. ఆమ్లజనిలో తప్పు దొర్లింది గాని, ఈ పేరులో ఏ తప్పూ లేదు.

ప్రశ్న: బాత్రూం కడిగే యాసిడ్ కొంత ఒలికి, హాల్లో వేయించిన తాండూరు బండల మీదికి పారింది. అవి నురగలు కక్కి, మెరుపు పోయి గరుకుగా తయారయ్యాయి. వంటింట్లో గ్రానైట్ గట్టు మీద పడిన చోట మాత్రం అలాంటి మచ్చ లేదు. ఎందుకు? ఇప్పుడేం చేయాలి?
– ఒక పాఠకుడు, వికారాబాద్ జిల్లా

సమాధానం: తాండూరు బండలు సున్నపురాతి బండలు. బేతంచర్ల, కడప బండలూ అంతే, పాలరాయి కూడా అంతే. వీటన్నింటిలో ముఖ్య పదార్థం కాల్షియం కార్బొనేట్ కాబట్టి బాత్రూం యాసిడ్‌లోని హైడ్రోక్లోరికామ్లం తగలగానే కార్బన్ డయాక్సైడ్ నురగగా వచ్చి, రాయి కాల్షియం క్లోరైడ్‌గా మారి నీటిలో కరిగిపోయింది. గ్రానైట్‌లో ఉన్నవి ప్రధానంగా క్వార్ట్జ్, సిలికేట్లు. వాటి మీద ఈ ఆమ్లం ప్రభావం అంత సులభంగా ఉండదు. పోయిన మెరుపు తిరిగి రావాలంటే మళ్లీ పాలిష్ పట్టించడమే మార్గం. ఇంకోసారి ఒలికితే వెంటనే ఎక్కువ నీళ్లతో కడిగి, వంట సోడా కలిపిన నీళ్లు పోసి మిగిలిన ఆమ్లాన్ని తటస్థీకరించండి. నిమ్మరసం, చింతపండు రసం కూడా ఈ బండల మీద ఎక్కువసేపు ఉంటే మచ్చలు పడతాయి.

మీరు అడగకపోయినా ఒక హెచ్చరిక చేయడం నా బాధ్యత. బాత్రూంలో బ్లీచింగ్ పౌడర్ చల్లి, దాని మీదే యాసిడ్ పోసేవారు ఉన్నారు. అలా చేస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులను తీవ్రంగా దెబ్బతీస్తుంది, ప్రాణం కూడా తీయగలదు. రెండింటినీ ఎప్పుడూ కలపవద్దు. ఒకటి వాడి, బాగా కడిగిన తర్వాత కూడా అదే పూట రెండోది వాడకపోవడమే మంచిది.

ప్రశ్న: కడుపులో మంటకు వంట సోడా నీళ్లు తాగితే త్రేన్పులు వస్తాయి, మిల్క్ ఆఫ్ మెగ్నీషియా తాగితే అన్ని రావు. రెండూ ఆమ్లాన్ని తగ్గించేవే కదా?
– ఇంటర్మీడియట్ విద్యార్థి, గుంటూరు

సమాధానం: వంట సోడా సోడియం హైడ్రోజన్ కార్బొనేట్ కాబట్టి జీర్ణాశయంలోని హైడ్రోక్లోరికామ్లంతో కార్బన్ డయాక్సైడ్‌నిస్తుంది. రెండోది మెగ్నీషియం హైడ్రాక్సైడ్, దానితో లవణం, నీరు మాత్రమే వస్తాయి. అయితే మంట తరచుగా వస్తుంటే సోడాతో సరిపెట్టుకోకుండా వైద్యుణ్ణి కలవడం అవసరం. ముఖ్యంగా రక్తపోటు ఉన్నవారికి అంత సోడియం మంచిది కాదు.

ప్రశ్న: మా పాఠశాలలో పాలరాతి ముక్కల మీద సజల హైడ్రోక్లోరికామ్లం పోసి, వచ్చిన వాయువును సున్నపు తేటలోకి పంపాము. తేట పాలలా తెల్లబడింది. పిల్లలు ఉత్సాహంతో వాయువును ఇంకా పంపుతూ ఉండగా తెలుపంతా పోయి మళ్లీ తేటపడింది. ప్రయోగం చెడిపోయిందని వారు నిరాశపడ్డారు. మరో జట్టు హైడ్రోక్లోరికామ్లం బదులు సజల సల్ఫ్యూరికామ్లం పోస్తే కాసేపు బుడగలు వచ్చి ఆగిపోయాయి. వారికి ఏమని చెప్పాలి?
– జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు, నంద్యాల జిల్లా

సమాధానం: రెండో సంగతి చిన్నది కాబట్టి ముందు చెబుతాను. సల్ఫ్యూరికామ్లంతో ఏర్పడే కాల్షియం సల్ఫేట్ నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది. అది పాలరాతి ముక్క మీద పొరలా కప్పుకొని ఆమ్లాన్ని లోపలికి పోనివ్వదు. ఆమ్లం ఉంది, రాయి ఉంది, వాటి మధ్య గోడ కట్టుకుంది. అందుకే ఈ ప్రయోగానికి హైడ్రోక్లోరికామ్లాన్నే వాడతారు.

మొదటి సంగతి మాత్రం మీ పిల్లలు గర్వపడవలసింది. సున్నపు తేట కాల్షియం హైడ్రాక్సైడ్ ద్రావణం. కార్బన్ డయాక్సైడ్ ఆమ్ల స్వభావం గల ఆక్సైడ్ కాబట్టి ఆ క్షారంతో చర్య జరిపి, నీటిలో కరగని కాల్షియం కార్బొనేట్‌ను ఇచ్చింది. మీరు చూసిన తెలుపు అదే. గోడకు వేసిన సున్నం గాలిలో ఆరి గట్టిపడడమూ ఇదే చర్య. వాయువు ఇంకా ఎక్కువగా వచ్చినప్పుడు అది నీటిలో కరిగి కార్బోనిక్ ఆమ్లమైంది. ఆ బలహీనమైన ఆమ్లం, ముందు తానే పుట్టించిన కార్బొనేట్ మీద పనిచేసి, నీటిలో కరిగే కాల్షియం హైడ్రోజన్ కార్బొనేట్‌గా మార్చేసింది.

మీ జిల్లాలోనే ఉన్న బెలుం గుహలకు పిల్లలను తీసుకువెళ్లే అవకాశం ఉంటే, వారు చూసినది అక్కడ కొండంత రూపంలో కనిపిస్తుంది. వాన నీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని కొంచెం ఆమ్లంగా మారి, సున్నపురాతి పగుళ్లలోకి దిగి, లక్షల సంవత్సరాల పాటు ఆ రాతిని హైడ్రోజన్ కార్బొనేట్‌గా కరిగించి మోసుకుపోవడం వల్లనే 3,229 మీటర్ల పొడవున ఆ దారులు ఏర్పడ్డాయి. అనంతగిరి కొండల్లోని బొర్రా గుహలదీ అదే కథ. గుహ పైకప్పు నుంచి చుక్క వేలాడేటప్పుడు దానిలోని కార్బన్ డయాక్సైడ్ కొంత గాలిలోకి పోతుంది. కరిగి ఉన్న కాల్షియం కార్బొనేట్ మళ్లీ ఘనరూపంలో పైకప్పుకే అంటుకుంటుంది. ఒక్కొక్క చుక్క వదిలిన ఆ పొరలే కిందికి వేలాడే రాతి ఊడలయ్యాయి.

ఈ తిరుగు చర్యను చూడడానికి గుహ దాకా వెళ్లనక్కరలేదు. వచ్చేసారి ఆ తేటపడిన పరీక్షనాళికను పారబోయనివ్వకుండా, సన్నని మంట మీద కాసేపు మరగనివ్వండి. కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి, పోయిందనుకున్న తెలుపు వారి కళ్ల ముందే తిరిగి వస్తుంది.